ల్యాప్‌టాప్ కొనాలి: పేరు చూసి కొందామా, మెషీన్ చూసి కొందామా?

మా అక్క కూతురికి ఈసారి మెకానికల్‌లో సీటు వచ్చింది. కౌన్సెలింగ్ అయిన రోజు రాత్రే ఫోన్ చేసి "పిన్నీ, హెచ్‌పీ మంచిదా, డెల్ మంచిదా, లెనోవో మంచిదా?" అని అడిగింది. వెనక నుంచి మా బావగారు, "మా బ్యాంకులో నాకిచ్చినది ఆరేళ్ల నుంచి ఒక్క రిపేరు లేకుండా నడుస్తోంది, కళ్లు మూసుకుని ఆ కంపెనీదే కొనమను" అంటున్నారు. ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకి పిల్ల విడిగా ఇంకో మెసేజ్ పెట్టింది. హాస్టల్లో సీనియర్ల దగ్గర మ్యాక్‌బుక్‌లే ఉన్నాయట, నాన్నకి చెప్పి ఒప్పించమని.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో సిస్టమ్స్ చూస్తాను. పదమూడేళ్లుగా అదే పని. ఈ మధ్యలో చాలా కంపెనీల మెషీన్లు నా బల్ల మీదకి వచ్చాయి, స్క్రూలు విప్పాను, మళ్లీ బిగించాను, కొన్నిటిని బాగుచేయలేక పక్కన పెట్టేశాను. బంధువుల్లో ఎవరింట్లో పిల్లలు ఇంటర్ పూర్తి చేసినా ఆ నెలలో నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. అందరూ అడిగేది ఒకటే, ఏ కంపెనీ మంచిది? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం ఎందుకు మానేశానో, దాని బదులు ఏం చూడమంటున్నానో ఈసారి వివరంగా రాస్తున్నాను.

బావగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ పొరపడేది అక్కడే. ఆయన బ్యాంకులో ఆరేళ్లు నడిచిన మెషీన్ అబద్ధం కాదు. కానీ బ్యాంకులకి, పెద్ద ఆఫీసులకి కంపెనీలు అమ్మే సిరీస్ వేరు, షోరూములో మనకి అమ్మే సిరీస్ వేరు. లెనోవోలో థింక్‌ప్యాడ్ వేరు, ఐడియాప్యాడ్ వేరు. డెల్‌లో ఇన్నాళ్లూ లాటిట్యూడ్ ఆఫీసులకి, ఇన్‌స్పిరాన్ ఇళ్లకి. హెచ్‌పీలో ఎలైట్‌బుక్, ప్రోబుక్ ఒకవైపు, పెవిలియన్ ఇంకోవైపు. ఆసుస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్, వివోబుక్ కూడా అంతే. (డెల్ అయితే 2025 జనవరిలో ఈ పాత పేర్లన్నీ తీసేసి డెల్, డెల్ ప్రో, డెల్ ప్రో మ్యాక్స్ అని పెట్టింది, దాంతో పాత పేర్లకి అలవాటు పడ్డ మాలాంటి వాళ్లం కూడా ఇప్పుడు రెండుసార్లు చదువుకోవాల్సి వస్తోంది.) మూత మీద బొమ్మ ఒకటే, లోపల సంసారం వేరు. ఆఫీసు సిరీస్‌లో మామూలుగా ర్యామ్ స్లాట్లు, గట్టి హింజ్ (మూతని బాడీకి కలిపే కీలు), బాగా కుదిరిన కీబోర్డు, ఏళ్ల తర్వాత కూడా దొరికే విడిభాగాలు, ఏ స్క్రూ ఎక్కడ విప్పాలో చెప్పే సర్వీస్ మాన్యువల్, తరచూ మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ ఉంటాయి. ఇంటి సిరీస్‌లో ఆ ఖర్చు తగ్గించి, అదే డబ్బులో పైకి కనిపించే ప్రాసెసర్ పేరు, పల్చటి అంచులు, కొత్త రంగు ఇస్తారు. మోసం అనను, ఎవరి బేరం వాళ్లది. కానీ బావగారు బ్యాంకు మెషీన్‌ని చూసి షాపులో మెషీన్‌ని నమ్మితే, ఒకరి జాతకం చూసి ఇంకొకరికి పెళ్లి చేసినట్టే అవుతుంది.

ఇంకో సంగతి. మనం పేర్లు పెట్టి పిలుచుకునే ఈ కంపెనీల్లో చాలావాటికి ల్యాప్‌టాప్‌లు చేసిపెట్టేది తైవాన్‌కి చెందిన క్వాంటా, కంపాల్, విస్ట్రాన్, ఇన్వెంటెక్ లాంటి కాంట్రాక్టు తయారీదారులే. మూడు పేర్ల మెషీన్లు ఒకే తయారీదారు దగ్గర నుంచి రావచ్చు, ఒకే పేరుతో ఉన్న రెండు మోడళ్లు ఇద్దరి దగ్గర తయారుకావచ్చు. కాబట్టి ఆ కంపెనీ కంటే ఈ కంపెనీ గట్టిది అనే మాటకి అంత అర్థం ఉండదు. ఈ సిరీస్ కంటే ఆ సిరీస్ గట్టిది అంటే మాత్రం ఉంటుంది.

గట్టిదనం అంటే ఏమిటో ఒక్క హింజ్ చూస్తే తెలిసిపోతుంది. మా ఆఫీసులో ఒక అమ్మాయి సొంత ల్యాప్‌టాప్ తెచ్చింది, పేరున్న కంపెనీదే, కొని రెండేళ్లు కూడా కాలేదు. మూత తెరుస్తుంటే కుడివైపు మూల దగ్గర టక్ మని చప్పుడు, ఆ మూల బాడీ పైకి లేచి నోరు తెరుచుకుంటోంది. కింది మూత విప్పి చూశాను. హింజ్ ఉక్కుది, దానికేం కాలేదు. దాన్ని పట్టుకుని ఉండాల్సిన మూడు ఇత్తడి నట్లు మాత్రం ప్లాస్టిక్‌లోంచి ఊడొచ్చి స్క్రూలకే వేలాడుతున్నాయి. ఆ నట్లని లోహపు ఫ్రేములో కాకుండా గోరంత ఎత్తున్న ప్లాస్టిక్ గుంటల్లో వేడిచేసి దిగ్గొట్టారు. హింజ్ బిగుతుగా ఉంటుంది కదా, రోజుకి పది పదిహేను సార్లు మూత లేపినప్పుడల్లా ఆ బిగువంతా ఆ గుంటల మీదే పడింది. గుంట చుట్టూ తెల్లగా చీలిక గీతలు, కింద ప్లాస్టిక్ పొడి. అతికించి ఇచ్చాను కానీ ఎన్నాళ్లు ఉంటుందో ఆ అమ్మాయికి మాట ఇవ్వలేకపోయాను. సర్వీస్ సెంటరు వాళ్లేమో ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదన్నారట. అలా వాడుతూ పోతే ఆ హింజ్ పక్కనుంచే వెళ్లే డిస్‌ప్లే వైరు కూడా నలిగిపోతుంది.

ఇది షాపులో పది సెకన్లలో తేలే విషయం. మెషీన్ బల్ల మీద పెట్టి మూతని మధ్యలో కాకుండా ఒక మూల పట్టుకుని నెమ్మదిగా లేపండి. స్క్రీను మెలితిరిగినట్టు వంగితే, హింజ్ దగ్గర బాడీ కదిలినట్టు అనిపిస్తే వదిలేయండి. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కండి, పరుపులా దిగితే లోపల ఫ్రేము పల్చగా ఉన్నట్టు. షాపతను ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి, డబ్బు మీది.

స్టిక్కరు మీద ఉన్నది, దాని వెనక ఉన్నది

ఇప్పుడు ప్రాసెసర్. "ఐ5 కావాలి" అని వచ్చేవాళ్లు చాలామంది. ఇంటెల్ ఈ స్టిక్కర్ల ప్రచారం 1991లో మొదలుపెట్టింది, అప్పటిదాకా కంప్యూటర్ లోపల ఏ చిప్ ఉందో మామూలు జనం అడిగేవాళ్లే కాదు. అప్పటి నుంచి స్టిక్కరు కూడా ఒక బ్రాండు అయిపోయింది. ఐ5 అంటే ఇడ్లీ అన్నట్టే, ఏ హోటల్లో, ఎప్పుడు వండింది అనేది అందులో లేదు. ఐ5-1235యూ, ఐ5-12450హెచ్ రెండూ 12వ తరం ఐ5లే. మొదటిదానిలో 10 కోర్లు (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), రెండోదానిలో 8. మరి పది కోర్లదే గొప్పదా? కాదు. మొదటిదానిలో వేగంగా పనిచేసే పెద్ద కోర్లు 2, కరెంటు పొదుపు చేసే చిన్నవి 8, రెండోదానిలో పెద్దవి 4, చిన్నవి 4. చివర ఉన్న యూ, హెచ్ అక్షరాలు కరెంటు వాడకం సంగతి చెబుతాయి, యూ అంటే మామూలుగా 15 వాట్లు, హెచ్ అంటే 45. ఎక్సెల్, జూమ్ మీటింగులు, బ్రౌజర్‌తో పని జరిగిపోయే మనిషికి యూ చాలు, వేడి తక్కువ, బ్యాటరీ ఎక్కువ. వీడియో రెండరింగ్, డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడే పిల్లకి హెచ్ కావాలి. ఒకే ధర, ఒకే ఐ5, ఎవరికి ఏది అనేది ఆ చివరి అక్షరంలో ఉంది.

ఇంటెల్‌కి పోటీగా చిప్‌లు చేసే ఏఎమ్‌డీ వైపు ఇంకా జాగ్రత్తగా చదవాలి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండున్నాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి, తేడా పది. 2022లో ఏఎమ్‌డీ తనే చెప్పిన లెక్క ప్రకారం ఈ నాలుగంకెల్లో మూడోది లోపలి డిజైన్ ఏ కాలానిదో చెబుతుంది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, 2019లో మొదలైన డిజైన్, 4 కోర్లు. 7530లో 3, అంటే జెన్ 3, 6 కోర్లు. మొదటి అంకె 7 మాత్రం రెండిట్లోనూ కొత్తగా మెరుస్తోంది. ఆన్‌లైన్ సేల్‌లో "రైజెన్ 5 7000 సిరీస్" అని పెద్దక్షరాల్లో పెట్టి పూర్తి నంబరు కింద చిన్నగా వేస్తారు. ఆ చిన్నక్షరాలు చదవకుండా డబ్బు కట్టొద్దు. పేరున్న కంపెనీలే ఈ రెండు చిప్‌లతోనూ మెషీన్లు అమ్మాయి, మూత మీద బొమ్మ చూస్తే ఏదేదో తెలీదు.

గ్రాఫిక్స్ కార్డుదీ ఇదే కథ. ఆర్‌టీఎక్స్ 4050 అన్న పేరుతో ల్యాప్‌టాప్‌లలో వచ్చేది 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు, పేరు మారదు, పని మారిపోతుంది. మోడల్ పేజీలో వాట్లు రాయకపోతే ఎక్కువ ఉండవనే అనుకోండి.

స్క్రీను గురించి మాత్రం నాకు బాధ. రోజుకి ఎనిమిది గంటలు మనం చూసేది దాన్నే, కొనేటప్పుడు చివర అడిగేదీ దాన్నే. "ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్" అని రాస్తారు, వెలుతురు 250 నిట్లు, రంగులు 45% ఎన్‌టీఎస్‌సీ అన్నది ఎక్కడో అడుగున ఉంటుంది. ఆ 45% అంటే ఏమిటో మా పిల్లకి షాపులోనే చూపించాను. ఫోన్లో గుంటూరు మిర్చి యార్డు ఫోటో ఒకటి ఉంటే దాన్ని రెండు మెషీన్లలో తెరిచి పక్కపక్కన పెట్టాం. 100% ఎస్‌ఆర్‌జీబీ (రంగులకి ఇంకో కొలత) అని రాసున్న స్క్రీనులో మిరపకాయలు మిరపకాయల్లాగే ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, రెండోదానిలో ఇటుకరాయి రంగుకి తిరిగి, ఎండ తగిలి పాతబడ్డ సరుకులా ఉన్నాయి. రెండిటి మధ్య ధర తేడా మూడు వేలు. పైగా వెలిసిపోయిన స్క్రీను ఉన్నదే ఇంకా పేరున్న కంపెనీది. ఫోటోలు, వీడియోలు, డిజైన్ పని ఉన్నవాళ్లు ఈ ఒక్క లెక్క చూడకుండా కొంటే తర్వాత చాలా విసుగొస్తుంది. కిటికీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్లకి 300 నిట్లు అన్నా ఉండాలి.

ర్యామ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 16 జీబీ తీసుకోండి. 8 అయితే రెండో స్లాటు ఉందో లేదో చూసి తీసుకోండి, ఎందుకంటే చాలా పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచడానికి దారి ఉండదు. ఒకప్పుడు ఇప్పుడు తక్కువతో కొని తర్వాత వేయించుకుందాం అనేవాళ్లం, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పెరిగిన తీరు చూశాక ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రావడం లేదు.

మ్యాక్‌బుక్ దగ్గరికి వద్దాం

మా పిల్ల అడిగింది కాబట్టి దీన్ని పక్కకి తోసేయలేను, తోసేయడం న్యాయం కూడా కాదు. మ్యాక్ కొనేవాళ్లందరూ షోకు కోసమే కొంటారు అనే మాట 2020 ముందు కొంత నడిచేదేమో, ఆ ఏడు నవంబరులో ఆపిల్ సొంత చిప్ ఎమ్1 వచ్చాక నడవదు. ఫ్యానే లేని మ్యాక్‌బుక్ ఎయిర్, చప్పుడు లేదు, బ్యాటరీ రోజంతా, స్క్రీను బాగుంటుంది, టచ్‌ప్యాడ్‌కి ఇప్పటికీ సాటి తక్కువ. 2024 అక్టోబరు దాకా ఎయిర్‌లో మొదటి మోడల్‌కి 8 జీబీ ర్యామే ఇచ్చేవాళ్లు, అప్పటి నుంచి 16 చేశారు, దాంతో నాకున్న పెద్ద అభ్యంతరం పోయింది. పాతది అమ్మితే మంచి రేటు వస్తుంది, ఆ మిగులు కూడా లెక్కలో వేసుకోవాలి. ఐఫోన్‌కి యాప్‌లు రాసే పని చేయాలంటే దానికి కావాల్సిన ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లోనే నడుస్తుంది, అక్కడ చర్చే లేదు. కంప్యూటర్ సైన్సు పిల్లలకి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, రాసుకునేవాళ్లకి డబ్బు అందుబాటులో ఉంటే నేనే కొనమంటాను.

కానీ అదే కంపెనీ 2015 నుంచి 2019 దాకా బటర్‌ఫ్లై కీబోర్డు అని ఒకటి పెట్టింది. చిన్న దుమ్ము రేణువు పడితే అక్షరం పడకపోవడం, లేకపోతే రెండుసార్లు పడటం. 2018లో ఉచితంగా బాగుచేసిచ్చే కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చింది, అమెరికాలో కేసు వేస్తే 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు. అంత ఖరీదు పెట్టి, అంత పేరు నమ్మి కొన్నవాళ్ల పరిస్థితి అది. ఇది కంపెనీని తిట్టడానికి చెప్పడం లేదు, అంత మంచి పేరు కింద కూడా ఏ ఏడాది ఏ మోడల్ అన్నది చూడాలని చెబుతున్నాను. పాత మ్యాక్ కొనేవాళ్లు ఇప్పటికీ ఈ సంవత్సరాలు గుర్తుపెట్టుకోవాలి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మెకానికల్ పిల్లకి సాలిడ్‌వర్క్స్, కాటియా లాంటి యంత్రభాగాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు కావాలి. అవి మ్యాక్‌లో నేరుగా నడవవు. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది, ఫ్యూజన్ నడుస్తుంది, కానీ ల్యాబ్‌లో చెప్పేది ఒకటి, మన మెషీన్‌లో ఉండేది ఇంకొకటి అయితే ప్రతి అసైన్‌మెంటుకీ ఎవరినో బతిమాలుకోవాలి. మా ఆఫీసులో ట్యాలీ విండోస్ ప్రోగ్రామే. తెనాలిలో మా మరిది డీటీపీ సెంటరు నడుపుతాడు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో అను తెలుగు ఫాంట్లతోనే కొడతాడు. 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది, అయినా ఇరవై ఏళ్ల పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, చేతివేళ్లు ఆ కీబోర్డుకే అలవాటుపడ్డాయి, ప్రెస్సు వాళ్లు అడిగేదీ అదే. ఆయనకి ఎవరైనా ఎంత మంచి మ్యాక్ ఉచితంగా ఇచ్చినా దాని మీద శుభలేఖ కొట్టలేడు. కాబట్టి కంపెనీ ఏదో అనుకునే ముందు మీరు రోజూ తెరిచే నాలుగు సాఫ్ట్‌వేర్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. మా పిల్ల విషయంలో మ్యాక్ అక్కడే ఆగిపోయింది. కాలేజీ సిలబస్ కాపీ తెరిచి చూపించాను, తనే ఊరుకుంది.

అయినా ఇమేజ్ అనేదానికి విలువ లేదని నేననను. ఆపిల్ పాత పవర్‌బుక్‌లలో మూత మీద బొమ్మ, మూసి ఉన్న మెషీన్‌ని చేతిలోకి తీసుకునే మనిషికి సరిగ్గా కనిపించేలా ఉండేది. మూత తెరిస్తే ఎదుటివాళ్లకి తలకిందులుగా కనిపించేది. 2000 దశకం మొదట్లో దాన్ని తిప్పేశారు, అప్పటి నుంచి ఎదుట కూర్చున్నవాళ్లకి నిటారుగా కనిపిస్తుంది. మూత మీద బొమ్మ ఎవరి కోసమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. క్లయింట్ల ఎదుట కూర్చుని పనిచేసే ఆర్కిటెక్టుకి, సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకున్నవాడికి ఆ బొమ్మ పనికొస్తుంది, మంచి చొక్కా వేసుకుని వెళ్లినట్టే. అమెరికా ఆఫీసుల్లో ఒకప్పుడు "ఐబీఎం కొన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు" అనేవాళ్లు. అంటే పేరున్నది కొంటే రేపు ఏదైనా తేడా వచ్చినా కొన్నవాడిని ఎవరూ తప్పుపట్టరు. మన ఇళ్లలో బావగారు లాంటివాళ్లు పేరు పట్టుకుని కూర్చోవడానికీ అదే కారణం. పిల్లకి డెబ్బై వేలు పెట్టి కొనిస్తున్నారు, తప్పయితే ఇంట్లో మాట పడాలి. ఆ భయం నాకు అర్థమవుతుంది. హాస్టల్లో అందరి మధ్య చిన్నబుచ్చుకోకూడదని పిల్ల పడే టెన్షన్ కూడా అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకి అది చిన్న విషయం కాదు. ఆ బొమ్మ కోసం ఎంత ఎక్కువ కడుతున్నామో తెలిసి కడితే నాకు అభ్యంతరం లేదు.

పేరు నిజంగా పనికొచ్చేది ఎక్కడంటే

సర్వీసులో. ఇక్కడ మాత్రం కంపెనీని చూడండి, అయితే దేశంలో దాని పేరు కాకుండా, మీ ఊళ్లో దాని పని చూడండి. మా చిన్నాన్న కొడుకు మార్కాపురం దగ్గర ఉంటాడు. మంచి పేరున్న మెషీన్ కొన్నాడు, పదకొండో నెలలో మదర్‌బోర్డు పోయింది. వారంటీ ఉంది, కానీ క్యారీ-ఇన్. అంటే మనమే మోసుకుని సర్వీస్ సెంటరుకి వెళ్లాలి. ఒంగోలు వెళ్లి ఇస్తే "పార్టు రావాలి సార్" అన్నారు, అలా నలభై రోజులు, మధ్యలో మూడుసార్లు బస్సెక్కి వెళ్లొచ్చాడు. అదే ఆన్‌సైట్ అయితే మనిషి ఇంటికొస్తాడు. కొనే ముందు ఈ రెండు మాటల్లో వారంటీ కార్డు మీద ఏది ఉందో చదవండి, మీ పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ వర్తిస్తుందో లేదో కంపెనీ నంబరుకి ఫోన్ చేసి అడగండి, మీ ఊళ్లో రిపేరు షాపతన్ని కదిపి ఏ మోడల్‌కి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతున్నాయో కనుక్కోండి. అతను చెప్పే మాట యూట్యూబ్ రివ్యూ కంటే నాకు ఎక్కువ నమ్మకం, ఎందుకంటే రివ్యూ చేసేవాడి దగ్గర ఆ మెషీన్ రెండు వారాలుంటుంది, ఇతని దగ్గరికి అది రెండేళ్ల తర్వాత వస్తుంది.

"మిలిటరీ గ్రేడ్" అన్న మాట చూసి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షల పద్ధతుల పుస్తకం. అందులో ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, పాసైందని ముద్ర వేసే సంస్థేమీ లేదు. కొన్ని మెషీన్లు నిజంగానే గట్టివి, కానీ అది ఆ ముద్ర వల్ల తెలియదు, హింజ్ వల్ల తెలుస్తుంది.

అమెరికా నుంచి అన్నయ్య తెస్తాడు, అక్కడ చవక అనేవాళ్లకి ఒక మాట. 18 ఏళ్లు దాటిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఛార్జరు కూడా మామూలుగా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసేదే, పిన్ మారిస్తే సరిపోతుంది. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లుతుందో లేదో మోడల్ నంబరుతో ముందే కనుక్కోవాలి. విండోస్ మెషీన్ల విషయంలో చాలాసార్లు చెల్లదు.

డబ్బు తక్కువుంటే

నలభై వేల లోపు బడ్జెట్ అయితే కొత్త మెషీన్ల కంటే ఆఫీసుల నుంచి వచ్చిన పాత బిజినెస్ సిరీస్ చూడమని నేను గట్టిగా చెబుతాను. ఇక్కడే జనం వెనక్కి తగ్గుతారు, సెకండ్ హ్యాండ్ అంటే పరువు తక్కువ అనుకుంటారు. ఉదాహరణకి థింక్‌ప్యాడ్ టీ480. 2018 నాటిది, ర్యామ్‌కి రెండు స్లాట్లు, బ్యాటరీలు రెండు, వెనకది చేత్తో ఊడదీసి మార్చుకోవచ్చు, కీబోర్డు మీద గంటల కొద్దీ టైపు చేసినా వేళ్లు నొప్పెట్టవు. ఇంటెల్ చవక చిప్ సెలెరాన్‌తోనో 7520యూతోనో వచ్చే కొత్త ప్లాస్టిక్ మెషీన్ పక్కన పెడితే చూడ్డానికి ముసలిదే. స్క్రీను కూడా చాలావాటిలో డల్‌గా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కానీ ఉతికి ఆరేసినా నడుస్తుంది అనిపించే మెషీన్.

ఇవి కొనేటప్పుడు చూడాల్సినవి తక్కువే కానీ తప్పనిసరి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఆపైన ఉండాలి. కాబట్టి 6, 7 తరాల ఐ7 చవగ్గా ఇస్తానన్నా వద్దనండి, ఐ7 అన్న పేరు అక్కడ దేనికీ పనికిరాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించండి, డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి ఇప్పుడు ఫుల్ ఛార్జ్ 30,000 చూపిస్తే కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి, పాత ఆఫీసు లాక్ ఉంటే రేపు మీకే తలనొప్పి. చేతిలో పెట్టుకుని అరగంట వాడి చూశాకే డబ్బివ్వండి.

ఇంట్లోనే ఒకచోట కూర్చుని పనిచేసేవాళ్లు డెస్క్‌టాప్ గురించి ఆలోచించకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరు లాంటి చోట అసెంబుల్ చేయించుకుంటే అదే డబ్బుకి రెట్టింపు పని, ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు, ఒక్కో భాగానికి దాని కంపెనీ వారంటీ వేరుగా ఉంటుంది. లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక్కదాని దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎమ్‌పీఎస్ పేలితే పక్కనున్న మదర్‌బోర్డునీ తీసుకుపోతుంది. ఈ ఒక్క వస్తువులో పేరున్న కంపెనీయే కొనండి అని చెప్పడానికి నాకేమీ సందేహం లేదు.

మా పిల్లకి చివరికి కొన్నది 12450హెచ్ ఉన్న 15.6 అంగుళాల మెషీన్, 16 జీబీ ర్యామ్, మామూలు స్థాయి గ్రాఫిక్స్ కార్డు, మిరపకాయలు ఎర్రగా కనిపించిన స్క్రీను, ఏడాది ఆన్‌సైట్ వారంటీకి ఇంకో రెండేళ్లు కలిపించాం. బరువు 2 కిలోలు దాటింది, బ్యాటరీ నాలుగు గంటలకి మించి రాదు, అది ముందే చెప్పాను, ఛార్జరు సంచిలో పెట్టుకు తిరగాల్సిందే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. అదే మోడల్ పేరుతో వచ్చే నెల వచ్చే బ్యాచ్‌లో స్క్రీను వేరేది ఉండొచ్చు, నా మాట నమ్మి మీరు పేరు మాత్రమే చూసి కొంటే నష్టపోతారు. బావగారు బిల్లు కట్టే దాకా మొహం ముడుచుకునే ఉన్నారు, షాపులో మూత మూల పట్టుకుని రెండు మెషీన్లూ ఆయన చేతే లేపించాక మాత్రం మాట్లాడలేదు.

కొన్నాక షాపు నుంచి బయటికి వచ్చే ముందు ఒక పని చేయండి. డబ్బా మీద సీరియల్ నంబరు, మెషీన్ కింద సీరియల్ నంబరు, బిల్లు మీద సీరియల్ నంబరు మూడూ ఒకటేనా చూసుకుని, ఆ నంబరుని కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. మాది ఐదు నెలల కిందే మొదలైనట్టు చూపించింది. డిస్‌ప్లేలో పెట్టిన పీసో, గోడౌన్‌లో పడి ఉన్నదో. బిల్లు పట్టుకుని అక్కడే నిలబడితే షాపతనే కంపెనీకి బిల్లు పంపించి తేదీ మార్పించాడు, గంటన్నర పట్టింది. ఇంటికెళ్లాక అడిగితే అది ఎన్ని రోజుల పని అయ్యేదో మీరే ఊహించుకోండి.